రెండో తరగతి చదివిన కవ్వం

రండి, రండి, దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చి ఆ అలల బొమ్మ ఉన్న తివాచీ మీద కూర్చోండి. కింద కూర్చోలేనివాళ్ళకి అదిగో మూలన బస్తాలాంటి మెత్తటి దిండు ఉంది. అందులో కూర్చోవడం మీ ఇష్టం, లేవడం మాత్రం మీ చేతుల్లో ఉండదు, ముందే చెబుతున్నాను. ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి. ఇంక మాటలాపండి. ఈ గదిలో ఒక పద్ధతి ఉంది. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు వినాలి. ఇప్పుడు కర్ర ఎవరి చేతిలోనూ లేదు. కిటికీ పక్కన అలమార మీద పడుకుని సముద్రాన్ని చూస్తోంది. అంచేత మాట్లాడే వంతు కర్రదే. ఆ కర్రను నేనే.

నేను ఒక కవ్వాన్ని.

అవును, మజ్జిగ చిలికే కవ్వాన్నే. భీమిలి రోడ్డు మీద ఉన్న ఈ అంతర్జాతీయ పాఠశాలలో ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు. నన్ను చూసి ఒకరు తామర మొగ్గ అన్నారు, ఒకరు రాకెట్ అన్నారు, ఒకడు ఐస్‌క్రీమ్ అనుకుని నాకాడు కూడా. ఎన్నో పేర్లు వచ్చాయి గానీ నా సొంత పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరు, ఈ గదిలో నలుగురి ముందూ నన్ను కవ్వం అని పిలుస్తారని అలమార మీద పడుకుని కలలు కనేదాన్ని. ఆ కల ఏమయిందో చెబుతాను. తొందరపడకండి. తొందరపడితే వెన్న రాదు.

మాది గొప్ప వంశం. మా పెద్దాయన ఒక కొండ. పాలసముద్రాన్ని చిలికినవాడు ఆయనే. ఆయన తర్వాత మా వంశంలో అంత పెద్ద పని ఎవరికీ దొరకలేదు, కుండల్లోకి వచ్చిపడ్డాం. నన్ను కన్నది వరాహ నది ఒడ్డున ఒక అంకుడు చెట్టు. ఆ చెట్టు ఎంత ఎత్తంటే, పై కొమ్మ మీద కాకి గూడు పెడితే ఆ కాకి పిల్లలకి మబ్బే దుప్పటి. నూకాచారి అనే వడ్రంగి ఆ చెట్టు కొమ్మను గిర్రున తిప్పుతూ, ఉలి ఆనించి, నన్ను చెక్కాడు. మీరంతా ఏడుస్తూ పుట్టారట. నేను మాత్రం తిరుగుతూ పుట్టాను. నాకు మొదట కనిపించిన లోకమే గుండ్రంగా, చారలు చారలుగా, తెల్లటి పొట్టు రాలుతూ కనిపించింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే లోకం అలాగే ఉంటుంది.

నన్ను మొదట పట్టుకున్న చేతులు అచ్చియ్యమ్మవి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు గేటు దగ్గర మజ్జిగ అమ్మేది. తెల్లారేసరికి కుండ ముందు కూర్చుని, రెండు అరచేతుల మధ్య నన్ను పెట్టి అటూ ఇటూ తిప్పేది. ఆ చేతులు గరుకు. ఆ గరుకు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. నేను తిరుగుతుంటే పెరుగు ముందు బద్దకంగా కదిలేది, తర్వాత నవ్వేది, తర్వాత నురగ కట్టేది. ఆ మజ్జిగ ఎలాంటిదంటే, ఒక బెల్లం వ్యాపారి గ్లాసెడు తాగి, తూకం కాటా మీద చెయ్యి వేసుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే నిద్రపోయాడు. లేచేసరికి బెల్లమంతా చీమలు కొనుక్కుపోయాయి. రైళ్ళు కూడా మా మజ్జిగ కోసమే అనకాపల్లిలో ఆగేవి. ప్రయాణికుల కోసం ఆగుతాయని మీరనుకుంటారు, అనుకోండి, నేను కాదనను.

మనుషుల్ని నేను అప్పుడే బాగా గమనించాను. మజ్జిగ పల్చగా ఉంటే నీళ్ళు కలిపావంటారు, చిక్కగా ఉంటే కాస్త నీళ్ళు పొయ్యమంటారు.

తర్వాత అచ్చియ్యమ్మ కోడలు మిక్సీ కొన్నది. అది ఒక్క అరుపు అరిచి పని అయిపోయిందనేది. నన్ను వంటింటి మేకుకి వేలాడదీశారు. అచ్చియ్యమ్మ వెళ్ళిపోయాక, ఒకరోజు వీధిలోకి పాత సామాన్లు తీసుకుని ప్లాస్టిక్ సామాన్లిచ్చే బండి వచ్చింది. నేను, ఒక చిల్లు బిందె, పిడి లేని అట్లకాడ కలిసి ఒక నీలం రంగు టబ్బు అయిపోయాం.

ఆ బండి నుంచి చేతులు మారి భీమిలి రోడ్డులో పురాతన వస్తువుల దుకాణం చేరాను. దుకాణం వెంకునాయుడిది. అతను నాకు ఎర్ర లక్క పూసి, మెడకి బంగారు రంగు కుచ్చు కట్టి, గాజు బల్ల మీద పడుకోబెట్టాడు. అబద్ధాలు చెప్పడంలో నేనే గొప్పదాన్నని అప్పటిదాకా అనుకునేదాన్ని. వెంకునాయుడి ముందు నేను పాలు తాగే పాపని.

అక్కడికొచ్చింది ఫిలోమినా మిస్. ఈ బడిలో రెండో తరగతి టీచరు. కొత్తగా ఉద్యోగంలో చేరి, పిల్లల కోసం గది సర్దుకుంటోంది. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటండీ" అంది.

"అది మామూలు కర్ర కాదమ్మా" అన్నాడు వెంకునాయుడు, కుచ్చు మీద దుమ్ము ఊదుతూ. "జమీందారు గారి దర్బారు కర్రండి. ఇది చేత్తో పట్టుకుంటే గాని బాబుగారు నోరిప్పీవోరు కాదు. బాబుగారి చేతిలో ఇదున్నంతసేపూ దర్బారులో ఇంకెవుడూ దగ్గడానికి కూడా నేదండి."

"మరి దగ్గొస్తే?"

"మింగీసీవోరమ్మా."

ఆ అబద్ధం అప్పటికప్పుడు, గాలిలోంచి పుట్టింది. కానీ ఫిలోమినా మిస్ కళ్ళు మెరిశాయి. మాట్లాడే కర్ర గురించి ఆమెకి టీచర్ల శిక్షణలో చెప్పారట. పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి, కర్ర చేతిలో ఉన్నవాళ్ళే మాట్లాడాలి, అది చేతులు మారుతుండాలి. అలాంటి కర్ర కోసమే ఆమె వెతుకుతోంది. అలా నేను అచ్చియ్యమ్మ కుండలోంచి అంతర్జాతీయ విద్యలోకి అడుగుపెట్టాను. చదువు రాని దాన్ని, తిన్నగా రెండో తరగతిలో చేరాను. మళ్ళీ మళ్ళీ అదే తరగతి చదువుతున్నాను. నా తోటివాళ్ళంతా పై తరగతులకి వెళ్ళిపోతారు, నేను మాత్రం ఇక్కడే ఉంటాను. నాకేమీ బాధ లేదు. గుండ్రంగా తిరిగేవాళ్ళకి పైకి వెళ్ళే తొందరుండదు.

ఈ బడి సంగతి మీకు చెప్పాలి. ఇక్కడ గంట కొట్టరు. ఏ వేళకి ఏం చెయ్యాలో పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకే తెలియాలట. మధ్యాహ్నం అన్నం వేళ మాత్రం అందరికీ వాళ్ళంతట వాళ్ళకే, ఒక్కసారే తెలుస్తుంది. పుస్తకాలు తక్కువ, ప్రశ్నలెక్కువ. ఒక గోడ నిండా రంగు కాగితాలు అంటించి ఉంటాయి, దాన్ని ఆశ్చర్యాల గోడ అంటారు. పిల్లలకి ఏ సందేహం వస్తే అది రాసి అంటించాలి. సముద్రానికి మూత ఎందుకు లేదు. చేపలకి దాహం వేస్తుందా. మిస్‌కి కూడా అమ్మ ఉంటుందా. వీటికి టీచరు జవాబు చెప్పకూడదు, అది ఇక్కడ మహాపాపం. ఏం అడిగినా "నువ్వేమనుకుంటున్నావు" అని తిరిగి అడగాలి. ఒకరోజు ఒక పిల్లవాడు "మిస్, బాత్‌రూముకి వెళ్ళొచ్చా" అంటే ఫిలోమినా మిస్ అలవాటు కొద్దీ "నువ్వేమనుకుంటున్నావు" అంది. వాడు కూర్చుని నిజాయితీగా ఆలోచించాడు. ఏమనుకున్నాడో తివాచీకి తెలిసింది.

ఒకే విషయం వారాల తరబడి చదువుతారు. నీళ్ళంటే నీళ్ళే. లెక్కల్లో నీళ్ళు కొలిచారు, బొమ్మల్లో నీళ్ళు గీశారు, సంగీతంలో నీళ్ళ మీద పాడారు, ఈత నేర్చుకునేటప్పుడు నీళ్ళు మింగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో పరదాలు వేసి కాసేపు అందర్నీ పడుకోబెడతారు. ఆ వేళంటే నాకు ప్రాణం. పిల్లల ఊపిరి ఒకటే లయలో లేస్తూ పడుతూ ఉంటుంది. పరదా సందులోంచి సముద్రం కనిపిస్తుంది. అలలు వచ్చి, విరిగి, నురగై, వెనక్కి పోతుంటాయి. మా పెద్దాయన ఇంకా ఎక్కడో నడిసముద్రంలో తిరుగుతూనే ఉన్నాడని, ఇదంతా ఆయన చిలుకుతున్న మజ్జిగేనని నాకనిపిస్తుంది. ఒడ్డున నిలబడి అచ్చియ్యమ్మ గ్లాసులు కడుగుతూ ఉంటుంది. అలా చూస్తూ చూస్తూ నేనూ వాళ్ళతో పాటు నిద్రపోతాను.

నీళ్ళ తర్వాత పాల పాఠం వచ్చింది. పాలు ఎక్కడి నుంచి వస్తాయి, వెన్న ఎలా వస్తుంది. నా గుండె ఎలా కొట్టుకుందో మీకు చెప్పలేను. ఇదిగో, ఇప్పుడు నన్ను కిందికి దించుతారు, కుచ్చు విప్పుతారు, పెరుగులో పెడతారు అనుకున్నాను. ఫిలోమినా మిస్ అందరికీ మూతలున్న గాజు సీసాలు పంచింది. వాటిలో మీగడ పోసి ఊపమంది. గదంతా ఊగిపోయింది. పిల్లలు ఊపారు, మిస్ ఊపింది, చేతులు పడిపోయేదాకా ఊపారు. చివరికి ఒక్కో సీసాలో గోలీకాయంత వెన్న వచ్చింది. చప్పట్లు కొట్టుకున్నారు. తర్వాత గుండ్రంగా కూర్చుని, నన్ను చేతుల్లోకి తీసుకుని, పూర్వకాలంలో మనుషులు వెన్న ఎలా తీసేవారో ఊహించి చెప్పమన్నారు. నన్ను పట్టుకునే, చూడండి. ఒకమ్మాయి "ఆవు చేత స్కిప్పింగ్ చేయించేవాళ్ళేమో" అంది. ఒకబ్బాయి "అప్పట్లో వెన్న చెట్లుండేవి, డైనోసార్లు తినేశాయి" అన్నాడు. మిస్ అందరికీ తలూపి, "చాలా బాగా ఆలోచించారు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక కుచ్చు ఊపుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజూ ఎప్పట్లాగే నేను జోషిత చేతికి వచ్చాను.

జోషిత ఆ తరగతిలో ఒక పాప. బడిలో చేరినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మాత్రం ఎంత మాట్లాడుతుందంటే, ఆ మాటల హోరుకి గోడ మీద బల్లులు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాయని వాళ్ళమ్మ ఉమాగౌరి చెప్పగా విన్నాను. బడి గేటు దాటగానే నోటికి గొళ్ళెం. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, ఆ పిల్లకీ తెలియదనుకుంటాను. కర్ర చేతికొస్తే కొందరు అరుస్తారు, కొందరు పాడతారు. జోషిత మాత్రం నన్ను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, నెమ్మదిగా ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి, పక్కనున్న మింజికి ఇచ్చేసేది. మాట్లాడాలని లేకపోతే కర్ర పక్కవాళ్ళకి ఇవ్వచ్చు, దాన్నెవరూ తప్పు పట్టరు. ఆ ఒక్క తిప్పుడు కోసం నేను రోజంతా కాచుకునేదాన్ని. ఎవరూ నేర్పకుండా ఆ పిల్లకి అది ఎలా వచ్చిందో.

మింజి కొరియా నుంచి వచ్చిన పాప. వాళ్ళ నాన్న ఇక్కడ ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరు. జోషితా మింజీ మాటల్లేకుండానే స్నేహం చేసుకున్నారు. ఒకరి బూటు లేసు ఒకరు కట్టుకునేవారు. ఇద్దరూ గదిలో ఉన్న చేపల తొట్టె ముందు చెంప చెంప ఆనించి కూర్చునేవారు. పక్కపక్కనే పడుకునేవారు. జోషిత పెదాలు మింజి చెవి దగ్గర కదలడం నేను చూశాను. ఏం చెప్పిందో అలమార దాకా వినపడలేదు.

ఏడాది చివరికొచ్చింది. ఈ బడిలో చిన్న తరగతులకి పరీక్షలుండవు. దాని బదులు ఒక రోజు పెడతారు. అమ్మానాన్నలంతా వచ్చి కూర్చుంటారు, టీచరు మాట్లాడదు, ఏడాదంతా ఏం నేర్చుకున్నారో పిల్లలే చెప్పాలి. ఆ రోజుకి ముందు, చిన్న తరగతులన్నీ చూసుకునే మృదుల మేడమ్ జోషిత అమ్మానాన్నల్ని ఈ గదికి పిలిపించింది. పిల్లల కుర్చీల్లోనే కూర్చోబెట్టింది. మృదుల మేడమ్ మంచిది. కానీ మంచివాళ్ళు చెడు మాట చెప్పేటప్పుడు ఇంకా మెత్తగా చెబుతారు, అది ఇంకా లోపలికి దిగుతుంది.

"పాప తెలివైనదే అయ్యుంటుంది" అంది. "కానీ ఇక్కడ మాటే పరీక్షండీ. తను చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? ఆ రోజు కూడా మాట్లాడకపోతే ఇంకో ఏడాది రెండో తరగతిలోనే ఉంచుదాం. నష్టమేమీ లేదు."

జోషిత నాన్న అప్పల్రాజుది అనకాపల్లే, ఇప్పుడు రొయ్యలు విదేశాలకి పంపే వ్యాపారి. పడవ ఇంజన్ల చప్పుడు మీంచి మాట్లాడి మాట్లాడి, గుసగుస కూడా నాలుగు వీధులకి వినపడే గొంతు ఆయనది. "మేడమ్ గారూ, మా గుంట ఇంటికాడ మాటాడితే ఆపడానికి మాకు కుదరడం నేదండి. ఇక్కడేటయిపోతందో మాకు తెల్దు" అన్నాడు. కిటికీ అద్దాలు కదిలాయి.

"నువ్వు కాస్త నెమ్మదిగా" అంది ఉమాగౌరి, మోచెయ్యి గిల్లి.

"నెమ్మదిగానే అన్నాను కదే."

జోషిత అప్పుడు చేపల తొట్టె దగ్గర ఉంది. అంతా విన్నది. మింజి పై తరగతికి వెళ్ళిపోతుంది, తను ఇక్కడే ఉండిపోతుంది. ఆ పిల్ల వచ్చి, మునివేళ్ళ మీద నిలబడి, అలమార మీంచి నన్ను తీసి, ఎవరూ అడక్కుండానే ఒక్కసారి తిప్పి, మళ్ళీ పెట్టేసింది. దాని చేతులు చల్లగా ఉన్నాయి. నాకు ఆ చలి అర్థమైంది. అందరూ పై తరగతికి వెళ్ళాక ఇక్కడే మిగిలేదాన్ని కదా.

ఆ రోజు రానే వచ్చింది. తివాచీ చుట్టూ చిన్న చిన్న కుర్చీల్లో పెద్ద పెద్ద మనుషులు కూర్చున్నారు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఒక పిల్లవాడి తాతగారు, సత్యారావు గారు, కుర్చీ వద్దని నేరుగా మూలనున్న మెత్తటి దిండులో కూర్చున్నారు. దిండు ఆయన్ని మెల్లగా మింగింది. మొదటి పిల్లవాడు మొదలుపెట్టేలోపే ఆయన కళ్ళు మూతపడ్డాయి. గోడ మీద పిల్లలంతా బొటనవేలి ముద్రలు వేసిన పద్ధతుల కాగితం ఉంది. అందులో మొదటిది నా గురించే. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. ఈ పద్ధతి అమ్మలకీ నాన్నలకీ మేడమ్‌కీ కూడా వర్తిస్తుందని ఫిలోమినా మిస్ ముందే చెప్పి, నన్ను మొదటి పిల్లవాడి చేతికిచ్చింది.

నేను చేతుల్లోకి వచ్చేసరికి అప్పల్రాజు నన్ను చూశాడు. చూసి, కనుబొమలు పైకి లేపాడు. ముందుకు వంగాడు. నా తల కేసి, నా పళ్ళ కేసి చూసి, నోరు తెరిచాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. అనకాపల్లి మనిషి, ఈయనకి నేను తెలుసు. అనబోతున్నాడు, నా పేరు అనబోతున్నాడు. ఉమాగౌరి గిల్లింది. ఆయన నోరు మూసుకున్నాడు. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే నన్ను పట్టుకుని నీళ్ళ గురించీ పాల గురించీ చెబుతున్నంతసేపూ ఆయన ఆ మాట బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాడు. బుగ్గ ఉబ్బి కనిపించింది.

నేను జోషిత చేతికి వచ్చాను.

ఈ రోజు కర్ర పక్కవాళ్ళకి ఇచ్చెయ్యడం కుదరదు. జోషిత నన్ను గట్టిగా పట్టుకుంది. పెదాలు కదలలేదు. మృదుల మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి, బాధగా, ఓపిగ్గా చూస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు, కర్ర వాళ్ళ చేతిలో లేదు. ఆ నిశ్శబ్దం ఎలాంటిదంటే, ముందు ఫ్యాను ఆగింది, కరెంటు పోయి కాదు, మర్యాదకి. గదిలోంచి అది మెల్లగా వరండాలోకి పాకింది. పక్క గదిలో పియానో వాయించేవాళ్ళు వేళ్ళు గాల్లోనే ఉంచేశారు. మైదానంలో ఆటల మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మానేశాడు. రోడ్డు దాటి అది సముద్రం దాకా వెళ్ళింది. ఒక అల లేచి, విరగాలా వద్దా అని అలాగే నిలబడిపోయింది. నేను నా రెండు కళ్ళతో చూశాను. కవ్వానికి కళ్ళెక్కడివని అడక్కండి, మీ వంతు కాదు.

అప్పుడు జోషిత నన్ను తిప్పింది. రెండు అరచేతుల మధ్య, అటూ ఇటూ. మళ్ళీ తిప్పింది. ఆపలేదు. ఆ నిశ్శబ్దంలో నేను తిరిగాను. గోడలు చారలు చారలుగా అయ్యాయి, మనుషులు తెల్లగా అయ్యారు, నాకు అచ్చియ్యమ్మ చేతులు, తెల్లారుజాము చీకటి, కుండ అడుగున బద్దకంగా కదిలే పెరుగు గుర్తొచ్చాయి. అడుగున ఏదో చిక్కబడుతోంది. ఇంకా పైకి రాలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం.

ఆ తిప్పడం చూసి అప్పల్రాజు ఇక ఆగలేకపోయాడు. అది అచ్చం తన తల్లి తిప్పినట్టే ఉంది కాబోలు. కుర్చీతో సహా లేచాడు, కుర్చీ ఆయన్ని వదల్లేదు.

"ఒలే ఉమా, అది కర్ర కాదే, కవ్వం. మా యమ్మ మజ్జిగ సేసీ కవ్వం లాటిదే, అచ్చం..."

కవ్వం. ఇన్నేళ్ళకి. నలుగురి ముందు. నా కల నిజమైన క్షణం అది, నేను నిండా వినే లోపలే ఇంకో గొంతు దాన్ని కోసేసింది.

"నాన్నా. కర్ర నా దగ్గరుంది. నువ్వు మాట్లాడకూడదు."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. బడిలో అలాంటి గొంతు ఇంతవరకూ లేదు కదా. సన్నగా, కోపంగా, తండ్రి గొంతులోంచి ఒక ముక్క విరిచి చేసినట్టుంది. ఉమాగౌరి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మింజి మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆ గొంతు దానికి తెలుసు.

"గోడ మీద రాసుంది" అంది జోషిత. "అందరం వేలిముద్రలేశాం. నేను అందరి మాటలూ విన్నాను. ఇప్పుడు నువ్వు విను."

అప్పల్రాజు కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి గుసగుస కూడా రాలేదు ఆయనకి. కవ్వమన్న మాట ఆయన బుగ్గలోకి తిరిగి వెళ్ళిపోయింది. నాకు బాధేసిందా అంటే, చెబుతాను వినండి. నురగ కడుతున్నప్పుడు కవ్వం తన పేరు గురించి ఆలోచించదు.

ఇక ఆ పిల్ల మొదలుపెట్టింది. ఏ భాషలో అని అడక్కండి. ఒక కాలు తెలుగులో, ఒక కాలు ఇంగ్లీషులో, మధ్యలో గెంతినప్పుడు మింజి నేర్పిన కొరియా మాటలు. నీళ్ళు మబ్బెలా అవుతాయో చెప్పింది. వెన్న పైకే ఎందుకు తేలుతుందో చెప్పింది. ఏడాదంతా మిగతావాళ్ళు మాట్లాడుతూ ఉన్నారు, తను చూస్తూ ఉంది, ఆ చూసిందంతా చెప్పింది. ఎవరి పన్ను ఊడితే ఏ పూలకుండీలో దాచారో చెప్పింది. ఫిలోమినా మిస్ భూగోళం వెనకాల జంతికల డబ్బా పెట్టుకుంటుందని చెప్పింది. మృదుల మేడమ్ మీటింగులో చెప్పులు విప్పేసి, తర్వాత ఒకటి దొరక్క కాలితో వెతుకుతుందని చెప్పింది. మృదుల మేడమ్ చెయ్యెత్తింది.

"మేడమ్, చెయ్యెత్తినా కర్ర వచ్చేదాకా ఆగాలి" అంది జోషిత.

మేడమ్ చెయ్యి దించింది.

"తొట్టెలో నారింజ చేప చచ్చిపోయింది" అంది ఆ పిల్ల, కాస్త నెమ్మదించి. "మిస్ పొద్దున్నే వచ్చి అలాంటిదే ఇంకోటి తెచ్చి వేశారు. తోక వేరుగా ఉంది, నేనూ మింజీ చూశాం. చెబితే అందరూ ఏడుస్తారని చెప్పలేదు. మిస్ కూడా అందుకే చెప్పలేదు కదా."

ఫిలోమినా మిస్ తల దించుకుంది.

భోజనాల వేళ దాటిపోయింది. ఎవరికీ వాళ్ళంతట వాళ్ళకి తెలియలేదు. ఆగిపోయిన అల విరిగి, దాని వెనకాల అలలు కూడా విరిగి, పోటు వచ్చి తగ్గిపోయింది. బల్లులు కిటికీ దాకా వచ్చి, విని, మళ్ళీ సామాను సర్దుకున్నాయి. నేను జోషిత చేతుల్లో తిరుగుతూనే ఉన్నాను. నా జన్మలో అంత వెన్న చూడలేదు.

చివరికి ఆ పిల్ల ఊపిరి తీసుకుంది.

"నాకు మింజితో పై తరగతికి వెళ్ళాలని ఉంది. అయిపోయింది" అంది. లేచి, తివాచీ మీద అలలన్నీ దాటి, గుమ్మం దగ్గరికి నడిచి, నన్ను మృదుల మేడమ్ చేతిలో పెట్టింది. "ఇప్పుడు మీరు చెప్పండి."

మేడమ్ చేతులు మెత్తగా ఉన్నాయి. నన్ను గుండెకి ఆనించుకుంది. అందరూ వేచి ఉన్నారు. పద్ధతి పద్ధతే.

"పై తరగతికే" అంది, పైకి వినపడీ వినపడనట్టు.

మింజి లేచొచ్చి జోషిత చెయ్యి పట్టుకుంది. అప్పల్రాజు కళ్ళు తుడుచుకుంటున్నాడు. కర్ర అడిగి తీసుకుంటే కవ్వం మాట పూర్తిగా చెప్పొచ్చు, కానీ ఆయనకి ఆ సంగతే గుర్తు లేదు. ఉమాగౌరి కూడా గిల్లడం మర్చిపోయింది. గదిలో మళ్ళీ నిశ్శబ్దం, కానీ ఈసారి అది వెన్న తీసేశాక మిగిలే మజ్జిగలా తేలిగ్గా, చల్లగా ఉంది. అందులో తేలుతూ నాకు కూడా కళ్ళు మూతలు పడుతున్నాయి. పేరుదేముంది, పడుకోవచ్చు అనుకున్నాను.

అప్పుడు మూలన మెత్తటి దిండు కదిలింది. దాని లోపలి నుంచి సత్యారావు గారి తల పైకొచ్చింది. నిద్రకళ్ళతో అందర్నీ ఒకసారి చూశారు. మౌనంగా కూర్చున్న మనుషుల్ని చూశారు, గుమ్మంలో నిలబడ్డ జోషితని చూశారు, మేడమ్ చేతిలో ఉన్న నన్ను చూశారు. చూసి, జాలిగా నాలుక చప్పరించి అన్నారు:

"ఇందాకట్నుంచీ ఒక్క ముక్క వినపళ్ళేదమ్మా. పాపం ఆ పాపనేటంటాం, ఆ మైకులో బేటరీ అయిపోయినట్టుంది. మార్చి ఇయ్యండి."